బందరు పానుపు దుప్పటి

విజయవాడనుండి బందరునకు పోవు రైలుబండి గుడివాడ దాటిన పిదప, ఇరువైపులను వరిపొలములును, చేపలచెరువులును, గట్లమీద తపస్సు చేయుచున్న కొంగలును తప్ప మరియొక వింతయేమియు లేని సమతలమైన నేలమీద నెమ్మదిగా సాగును. సముద్రము సమీపించుచున్నదన్న సంగతిని గాలిలోని యుప్పదనము మాత్రమే తెలుపును. ఇట్టి నిరాడంబరమైన నేలనుండి, ఒకానొక కాలమున, లండను, ఆమ్‌స్టర్‌డాము, ఇస్ఫహాను నగరములలోని ధనికుల శయ్యాగృహములకు పానుపు దుప్పట్లును, మంచపుతెరలును, నమాజు చేసికొను ఆస్తరణములును ఓడలకెక్కి పోయినవని చెప్పినచో ప్రక్కనున్న ప్రయాణికుడు నమ్మునో నమ్మడో! నా యెదుట కూర్చున్న పెద్దమనిషికి బందరన్నచో లడ్డూయే జ్ఞప్తికి వచ్చెను. అది యే దుకాణమున మేలైనది దొరకునో ఆయన నాకు సవిస్తరముగా నుపదేశించెను. ఆ యుపదేశము నిష్ఫలము కాలేదని మాత్రము చెప్పి ప్రకృతమునకు వచ్చెదను.

నన్ను బందరునకు రప్పించినది లండనులోని విక్టోరియా-ఆల్బర్టు ప్రదర్శనశాలయందు నేను చూచిన యొక మంచము. పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లనటులలో అగ్రగణ్యుడైన డేవిడ్ గారిక్, తేమ్సు నదీతీరమున హాంప్టనులోని తన విహారగృహమునకై, ఆ కాలమున కొయ్యపనిలో జగత్ప్రసిద్ధుడైన చిప్పెండేలు కార్ఖానాలో చేయించుకొన్నది. మంచపుకోళ్ళును, పైకప్పును ఆంగ్లేయులవి. దానికి వ్రేలాడు తెరలు మాత్రము మన మచిలీపట్నపు, అనగా ఈ బందరు, పనివారు 1774 ప్రాంతమున చిత్రించినవి. కలకత్తాలోని మిత్రులు గారిక్ భార్యకు వానిని కానుకగా పంపగా, ఇంగ్లండులో సుంకపుటధికారులు పట్టుకొని పోయిరి. భారతదేశపు చిత్రితవస్త్రముల దిగుమతిని నిషేధించు చట్టము 1701 నుండియే ఆ దేశమున అమలులో నుండెను. దానితో తృప్తిపడక, 1721లో అట్టి వస్త్రములను ధరించుటను, ఇంట వాడుకొనుటను కూడ నిషేధించుచు మరియొక చట్టము చేసిరి. ఫ్రాన్సు అంతకు మునుపే, 1686లోనే, అట్టి నిషేధమును విధించి డెబ్బదియేండ్లకు పైగా పాటించెను. తమ దేశపు ఉన్ని, పట్టు నేతగాండ్రు మన నూలుబట్టలముందు నిలువలేక మొరపెట్టుకొనగా పుట్టిన శాసనములివి. ప్రజలను రాత్రింబవళ్ళు నవ్వించి యేడిపించిన ఆ మహానటుడు 1775లో తన యిల్లాలి దుప్పట్లకై ప్రభుత్వోద్యోగికి వినయముతో విన్నపము వ్రాసికొనవలసి వచ్చెను. నాకా కథ యందు ఆశ్చర్యము కలిగించినది రాజశాసనము కాదు. ఒక పడకగదితెరకై అంత తాపత్రయము పడుటయే. ఆ తెరయెదుట నిలిచిన పిదప ఆ ఆశ్చర్యమును పోయినది.

పాశ్చాత్యులు పాలంపూర్ అని పిలిచిన ఈ పానుపు దుప్పట్లలో మిక్కిలి ప్రసిద్ధి వహించినది జీవవృక్షపు కూర్పు. దుప్పటి యడుగున పొలుసులు పొలుసులుగా నమర్చిన రాళ్ళగుట్ట. దానిపై మెలికలు తిరిగి లేచిన యొక చెట్టు. ఆ చెట్టునకు ఒకే కొమ్మన దానిమ్మపూవు, ప్రక్కనే శేవంతి, ఆపైన ఏ వృక్షశాస్త్రజ్ఞుడును పేరు పెట్టజాలని మరియొక మహాపుష్పము. గుట్టక్రింద కుందేళ్ళో, లేళ్ళో; కొమ్మలపై చిలుకలో, నెమళ్ళో; చుట్టును పూలతీగెల అంచు. ఆ గుట్టలో చీనాదేశపు ఛాయ కలదు. చెట్టులో పారసీకపు ఛాయ కలదు. బరువైన ఆ పెద్ద ఆకులు ఆంగ్లస్త్రీలు ఉన్నిదారముతో కుట్టిన తెరలనుండి వచ్చినవని పండితులు చెప్పుదురు. ఇన్ని దేశములవారు కలిసి పెంచిన ఈ వృక్షమునకు నీరుపోసినవాడు మాత్రము కృష్ణాతీరపు తెలుగువాడు. 1643లో ఈస్టిండియా కంపెనీవారు లండనునుండి వ్రాసిన లేఖలో, ఎర్రనేలపై చిత్రించినవి కొనువారికి అంతగా రుచించుటలేదనియు, ఇకమీదట తెల్లనినేల విరివిగా విడిచి, నడుమ పూలును కొమ్మలును చిత్రకారుని యిష్టమువచ్చినట్లు వేయింపుడనియు కోరిరి. వర్తకుడు నేలరంగును శాసించి పూవును చిత్రకారునికే విడిచిపెట్టుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచినది. నేటి వర్తకులలో అంతటి యౌదార్యము అరుదు.

బందరు పట్టణమున ఆ వైభవపు చిహ్నములను వెదకువానికి కాళ్ళనొప్పియే ఫలము. డచ్చివారు 1605లో ఇచ్చటికి వచ్చిరి; ఆంగ్లేయులు 1611లో వచ్చిరి; ఫ్రెంచివారు 1669లో వచ్చిరి. గోలకొండ సుల్తానుల రాజ్యమునకు ముఖద్వారమై, అరేబియా, పారసీకము, సుమత్రా, జావాదేశములతో నిత్యవ్యాపారము సాగించిన రేవిది. కోటవైపు నడచినచో పాడుపడిన గోడలును, చెక్కడపుపనితో నలంకరించిన డచ్చి సమాధులును కనబడును. ఆ రాళ్ళపై వంశచిహ్నములును, పేర్లును, తేదీలును శ్రద్ధతో చెక్కించుకొన్న ఆ వర్తకులు ఏ వస్త్రములకై సముద్రములు దాటి వచ్చిరో ఆ వస్త్రములను చేసినవారి పేరొక్కటియు ఎచ్చటను చెక్కబడి యుండలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన పట్టణముపై విరుచుకుపడి ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నదని లెక్క. అంతకుపూర్వమే మేటవేసి మూలబడుచున్న రేవు ఆపైన మరల మునుపటివలె తలయెత్తలేదు. ఇక ఊరిలో తిరుగుట మాని, పదిపన్నెండు కిలోమీటరుల దూరమున నున్న పెడనకు పోయితిని.

పెడనలో వీధి వీధికిని మగ్గపుచప్పుడు గాని, అచ్చు కొట్టుచున్న చప్పుడు గాని వినబడును. అద్దకపు కార్ఖానాలలో పొడుగాటి బల్లలపై గోనెపట్టలును, కంబళ్ళును పరచి, వానిపై తెల్లని తాను బిగించి, పనివారు టేకుకొయ్య అచ్చును రంగుమెత్తపై తాకించి, బట్టపై నిలిపి, మణికట్టుతో ఒక్క దెబ్బ కొట్టి, మరల ఆ అంచున ఈ అంచు కలియునట్లు జరుపుచుందురు. ఇంచుక జరిగినచో తీగె తెగును. ఆ తెగుట బట్టయున్నంత కాలము కనబడును. అచ్చులు చెక్కువారు వేరుగా నున్నారు. వారి యిండ్ల గోడలవెంట తాతలనాటి అచ్చులు దొంతరలుగా పేర్చియుండగా, వానిలో కొన్ని ఇరాను బేరమునకై చెక్కినవని చెప్పిరి. మామిడిపిందె యాకారపు బుటాలును, సరుగుడువలె నిటారుగా నిలిచిన సైప్రసువృక్షములును చూచినచో ఆ మాట నమ్మదగినదే. ఇరువదవ శతాబ్దపు తొలిదశకముల వరకును బందరు నమాజు ఆస్తరణములు పారసీకమునకు పోవుచునే యుండెను.

అయితే పానుపు దుప్పటిలోని విద్య యేమో తెలియవలెనన్నచో బల్లలదగ్గర కాదు, నీళ్ళదగ్గర నిలువవలెను. వస్త్రమునకు రంగు పూయుట వేరు. వస్త్రములో రంగు పుట్టించుట వేరు. మన పూర్వులు సాధించినది రెండవది. మొదట గాడాబట్టను పేడనీటిలో నానబెట్టి, ఉతికి, ఎండవేసి, ఆరుచున్నకొలది నీరు చిలుకరించి, మరల నానబెట్టి, దానిలోని గంజిని, జిడ్డును, పచ్చదనమును సూర్యునికే అప్పగింతురు. తెల్లబడిన బట్టను కరక్కాయ కషాయములో గేదెపాలు కలిపి ముంచి యెత్తుదురు. కరక్కాయలోని వగరు నూలుపోగును పట్టుకొని కూర్చుండును. పాలలోని కొవ్వు, వ్రాసిన గీత ఊడలు దిగి ప్రాకకుండ కట్టడి చేయును. ఇనుపతుక్కును బెల్లపునీటిలో దినములతరబడి ఊరబెట్టిన కసిం అను ద్రవమును కలముతో తీసికొని గీత గీసినచో, ఆ గీత కరక్కాయ వగరును తాకిన మరుక్షణమే నల్లబడును. ఇంతవరకు కంటికి కనబడుపని.

ఎరుపు అట్లు కాదు. ఎర్రనిపూవు రావలసినచోట చిత్రకారుడు వ్రాయునది ఎరుపు కాదు, పటికనీరు. దానికి రంగు లేదు. తాను వ్రాసినది తనకైనను అగుపడుటకై అందులో ఏదో యొక పొడిరంగు కొంచెము కలిపికొనును గాని, ఆ రంగు ఉతుకులో పోవునదే. రేకునకు రేకును, రేకులోని నీడకు నీడను, ముదురెరుపు కావలసినచోట చిక్కని పటికను, గులాబిచాయ కావలసినచోట పలుచని పటికను ఊహతో వ్రాసికొనిపోవలెను. పిమ్మట ప్రవహించు నీటిలో బట్టనుంచి, అంటుకొనని పటికనంతను ఏటికి విడిచి, రంగువేరుతో కాగుచున్న రాగిగంగాళములో దింపినప్పుడు గాని వ్రాసిన పూవు పూయదు. పటిక యున్నచోట వేరు రంగు పట్టును, లేనిచోట నిలువదు. తెల్లనినేల కూడ ఆ కాగులో కొంత గులాబిడాలు తిరుగును; దానిని మరల పేడనీటను, ఎండను విరుగజేయవలెను. రోజులతరబడి తాను చేసిన పనిని చూడకయే చేసి, ఒక్క కాగులో దాని ఫలము నంతను ఎదుర్కొను ఈ శిల్పికన్న ధైర్యవంతుడైన చిత్రకారుడు నాకు మరియొక్కడు తెలియడు. తైలవర్ణచిత్రకారుడు తప్పువేసినచో గోకి మరల వేయును. ఇతనికి ఆ యవకాశము లేదు.

ఆ వేరు చిరివేరు. తీరప్రాంతపు ఇసుకనేలలలో జానెడు మొక్కగా పెరిగి, భూమిలోనికి సన్నని పొడుగాటి వేరును దింపు ఈ చిన్న మొక్కనుండియే మన వస్త్రముల ఎరుపంతయు వచ్చినది. నత్తగుల్లల సున్నము కలిసిన నేలలో పెరిగిన వేరునకు ఎరుపు మరింత తేటగా దిగును. కృష్ణాముఖద్వారపు తీరమున అట్టి నేలకు కొదువలేదు. 1618 మొదలు నాలుగేండ్లు మచిలీపట్నమున కంపెనీ కొలువులో నుండిన విలియమ్ మెథ్వోల్డు, కలముతో చిత్రించిన ఇచ్చటి వస్త్రములు ఎన్ని మారులుతికినను బట్ట చినుగువరకు రంగు తగ్గవనియు, అందుకు ఈ దేశమునందు మాత్రమే మొలచు నొక మొక్కయే ముఖ్యకారణమనియు వ్రాసెను. సామర్లకోటలో కంపెనీ తోటను పెంచిన రాక్స్‌బర్గు 1795లో అచ్చొత్తించిన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున ఈ చిరివేరును గూర్చి శ్రద్ధతో వ్రాసి బొమ్మ వేయించెను. నేడు పెడనలో చిరివేరు కాగుట నాకు కనబడలేదు. మంజిష్ఠయు, సూరుడుచెక్కయు, జాజియాకును గంగాళమునకు ఎక్కుచున్నవి; వానితోడనే జర్మనీదేశపు రసాయనజ్ఞులు 1868లో కృత్రిమముగా సాధించిన అలిజరిను పొడియు ఎక్కుచున్నది. చిరివేరులో నుండి ఎరుపునిచ్చు మూలద్రవ్యమే అది; కాబట్టి దానిని పరాయిదని నిందించుట నాకు సమంజసముగా తోచదు. ఒక తేడా మాత్రము కలదు. వేరులో ఆ ద్రవ్యముతోపాటు మరికొన్ని రంగుద్రవ్యములు కలిసియుండుటచేత పాత ఎరుపునకు ఒక గుంభనము, ఒక లోతు వచ్చినది. పొడియెరుపు సత్యమే పలుకును గాని ఒకే స్వరమున పలుకును.

నీలిరంగు కథ మరియొక విధమైనది. నీలిమందు కలముతో వ్రాయుటకు లొంగదు. దాని తొట్టిలో బట్టను ముంచవలసినదే. కాబట్టి నీలము కావలసిన ఆకులు, పూలు మాత్రము విడిచి, తక్కిన మూడుగజముల బట్టకు ముందువెనుకల కరిగిన మైనము పట్టించి, ఆ బరువైన బట్టను తొట్టిలో దింపుదురు. పూర్వము నీలివారు వేరు, చిత్రకారులు వేరు. ఎర్రని రేకులలో వెండ్రుకవంటి తెల్లనిగీతలు నిలుపుటకు కూడ మైనమే సాధనము. పటిక వ్రాయుటకు ముందే సన్నని యినుపమొనతో మైనపుగీత గీసినచో, అచ్చట పటికయంటదు, ఎరుపునంటదు. లండను తెరలలో ఆ తెల్లనిగీతలను చూచుచు నేను చాలసేపు నిలిచియుంటిని. రంగువేయుటలోకన్న రంగును రానీయకుండుటలోనే ఆ పనితనమంతయు కలదనిపించినది. చివరకు గంజిపెట్టి, కొయ్యతో కొట్టి, శంఖముతో రుద్ది మెరుగు తీయుదురు. ఉతుకు పడినచో ఆ మెరుగు పోవును. ఆనాటి మెరుగుతోనే నేటికి మిగిలిన దుప్పట్లనుచూచి, వానిని కొన్నవారు ఎంత భయముతో వాడుకొనిరో తెలిసికొనవచ్చును.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఇంతటి దుప్పట్లను చేసినవారి యిండ్లలో అట్టి దుప్పటి ఒక్కటియైనను పరచియుండరు. వారు పడుకొన్నది బొంతమీద. చినిగిన పాతచీరలను, పంచెలను పొరలు పొరలుగా పేర్చి, ఇంటిముసలమ్మలు మధ్యాహ్నపువేళ అరుగుమీద కూర్చుండి, దూరదూరపు కుట్లతో, అంచునకు చీర రంగుకొంగే కమ్మిగా వచ్చునట్లు కుట్టిన ఆ బొంతలకు ఏ చట్టమును నిషేధము విధింపలేదు, ఏ ఓడయును మోసికొనిపోలేదు, ఏ ప్రదర్శనశాలయును అద్దాలపెట్టె కట్టింపలేదు. వాడుకలోనే అవి అరిగి, మరల మరియొక బొంతకు పొరలై, కడకు మట్టిలో కలిసినవి. బెంగాలువారు తమ కాంథా బొంతలను కాపాడుకొన్నంత శ్రద్ధ మనము బొంతలపై చూపలేదని నా ఫిర్యాదు. అమ్ముటకు చేసిన గృహవస్త్రము మిగిలినది. ఇంటికై చేసిన గృహవస్త్రము మిగులలేదు. ప్రాచీనవస్త్రములను గూర్చి మనమేది మాటలాడినను ఆ మిగిలిన సగమును చూచియే మాటలాడుచున్నామని గుర్తుంచుకొనవలెను.

అచ్చుపని వచ్చి కలముపని చెడిపోయినదని విచారించువారిని నేను కొందరిని ఎరుగుదును. ఆ విచారము నాకు పూర్తిగా పట్టదు. అచ్చుపని నిన్న మొన్న వచ్చినది కాదు. పానుపు దుప్పట్ల వైభవకాలముననే చౌకబట్టలకు అచ్చును, మేలిబట్టలకు కలమును నడచుచుండెను. కొన్ని దుప్పట్ల అంచులలో రెండును కలిసియున్నవి. కలముపనిలో సయితము చిత్రకారుడు శూన్యమునుండి గీయలేదు. కాగితముపై వేసిన నమూనాను సూదితో సన్నసన్నగా పొడిచి, బట్టపై పరచి, బొగ్గుపొడి మూటతో అద్ది, ఆ చుక్కలవెంట కలమును నడిపెను. అదే కాగితమును తిరుగవేసి అద్దినచో చెట్టునకు రెండవప్రక్క సిద్ధము. నిజముగా చెడినది మరియొకటి: కాలము. ఆవిరియంత్రపు మిల్లుబట్ట వచ్చి, పడమటి దేశపు అచ్చుయంత్రములు మన నమూనాలనే క్షణములలో తీయనేర్చిన పిదప, ఒక్క దుప్పటిని మాసములతరబడి నీటికిని, ఎండకును, మైనమునకును త్రిప్పు ఓపికకు వెలకట్టువాడు లేకపోయెను. పెడనవారు మిగిలిన ఓపికను అచ్చులో పెట్టిరి, అది వివేకమే.

కాలువగట్టున ఉతుకుడు జరుగుచుండగా అద్దకపుపనిలో తలనెరసిన యొక పెద్దాయనతో కూర్చుంటిని. నా సంచిలో పాత పానుపు దుప్పటి యొకదాని ముద్రితచిత్రము కలదు. దానిని ఆయన చేతికిచ్చితిని. వెలుతురునకు త్రిప్పి, దూరముగా పట్టి, దగ్గరగా పట్టి, చాలసేపు చూచెను. మనవలె ఆయన "ఆహా" అనలేదు.

"ఈ ఆకులు చూడండి బాబుగారూ, నీలంగా ఉన్నాయి. ఇవి నీలం ఆకులు కావు. నీలి మీద పసుపు పూసి పచ్చ చేశారు. ఆ పసుపు ఎగిరిపోయింది" అనెను.

"అన్ని రంగులు నిలిచి, పసుపొక్కటే ఎందుకు పోయింది తాతగారూ?" అని యడిగితిని.

"పసుపు పైపైన పూసేదే కదండీ. ఎరుపులాగా ఉడికినా నిలబడదు, ఎండకి ఆగదు. ఇదిగో, ఇక్కడ మైనం చిట్లింది. నీలి సన్నగా లోపలికి పాకింది, చూశారా? తొట్టిలో దించేటప్పుడు ఎవడో మడతపడనిచ్చాడు." ఆయన వ్రేలు ఆ తప్పుమీదనే నిలిచెను. నేనెన్నిమారులు చూచినను నాకు కనబడని వెండ్రుకవాసి నీలపుచార యది. "ఈ పువ్వులేసిన చెయ్యి మంచి చెయ్యండి. గుట్టేసినవాడు వేరే మనిషి. కుర్రాడు అయ్యుంటాడు, పొలుసులు తొందరగా వేసేశాడు."

రెండువందల యేండ్లనాటి పనివాని తొందరను ఆయన నిన్నటి కూలివాని తొందరవలెనే కనిపెట్టెను. పండితుల గ్రంథములలో ఈ దుప్పట్ల కాలనిర్ణయమును, నమూనాల వంశవృక్షములను చదివితిని గాని, ఒక దుప్పటిలో ఇద్దరు మనుష్యులను విడదీసి చూపినవారిని అంతకుముందు చూడలేదు.

"ఇది ఇప్పుడెక్కడుందండీ?" అని యడిగెను. అద్దాలపెట్టెలో, మసకవెలుతురులో నున్నదని చెప్పితిని.

"ఎవరూ పడుకోరా దీని మీద?"

"పడుకోరు."

"మంచిదే. ఎండ తగలదు" అని చిత్రమును నాకిచ్చివేసి, లేచి, మోకాళ్ళు సవరించుకొని, నీళ్ళలో నున్న కుర్రవాండ్రను కేకవేసెను. నెలాఖరునకు కాలువ కట్టివేయుదురట. ఆలోగా కాగు దిగిన తానులన్నియు ఉతుకవలెనట. కాలువ లేనప్పుడు బోరునీటితో ఉతుకకూడదా యని యడిగితిని.

"మా బోరునీళ్ళు ఉప్పండీ" అని, గట్టు దిగుచునే సమాధానము చెప్పెను. "ఎరుపు మసకబారుద్ది. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా అచ్చులు బాగుచేసుకుంటా కూర్చోవడమే."